పరిశ్రమ వస్తే తాబేళ్ల కోసం, గూడబాతుల కోసం ఏం అడగాలి? ఎలా రాబట్టాలి?

మీ ఊరి పక్కన పోర్టో, థర్మల్ ప్లాంటో, ఫ్యాక్టరీయో, క్వారీయో వస్తోందని నోటీసు పడింది. ఎకరాకు ఎంత ఇస్తారు, ఇంటికో ఉద్యోగం ఉంటుందా అని అడగడానికి ఊళ్లో చాలామందే ఉంటారు. ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే తాబేలు తరఫున, చెరువులో చేపలు పట్టుకునే గూడబాతు తరఫున, గుట్టల్లో తిరిగే అలుగు (పంగోలిన్) తరఫున అడిగేవాళ్లే ఉండరు. ఆ అడిగే మనిషి మీరైతే ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో రాస్తున్నాను.

నెల్లూరు, ప్రకాశం తీరంలో ఇలాంటి ప్రజాభిప్రాయ సేకరణలు కొన్ని దగ్గరుండి చూశాను. జంతువుల మాట ఎత్తితే ప్రతిసారీ వచ్చే జవాబు ఒకటే: ‘మొక్కలు నాటుతాం.’ ఒకచోట నిజంగానే నాటారు. అలల గీతకు ఇరవై అడుగుల దూరం నుంచే సరుగుడు మొక్కలు వరసగా పెట్టేశారు. అంతకుముందు తాబేళ్లు ఎక్కి గుడ్లు పెట్టిన ఇసుక అదే. రెండేళ్ల తర్వాత ఆ ఒడ్డున నడిస్తే, సగం దూరం పైకి వచ్చి, గుంట తవ్వకుండా వెనక్కి తిరిగిన జాడలు కనిపించాయి. కాగితం మీద మాత్రం అది పరిహారం కిందే జమ అయింది. ఏ జీవికి నష్టం జరిగిందో ఆ జీవికి పనికొచ్చేదే పరిహారం అవుతుంది. మీరు అడిగే ప్రతి అంశాన్నీ ముందు ఈ కొలతతో చూసుకోండి.

మొదటి పని: మీ దగ్గర ఏముందో మీరే రాసిపెట్టుకోండి

ఇది నోటీసు వచ్చాక మొదలుపెట్టే పని కాదు, వీలైతే ఈ ఏడాదే మొదలుపెట్టండి. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట వస్తాయి. ఒక్కో తాబేలు వంద గుడ్ల దాకా పెట్టి, ఇసుక కప్పేసి పోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. కాబట్టి తెల్లవారుజామున, మనుషులూ కుక్కలూ తిరగకముందే ఒడ్డున నడవాలి. ఇసుక మీద ట్రాక్టరు టైరు జాడలాగా నీళ్ల నుంచి పైకి, పై నుంచి నీళ్లలోకి రెండు గీతలు కనిపిస్తాయి. కుడి, ఎడమ రెక్కల గుర్తులు మార్చి మార్చి పడి ఉంటే అది రిడ్లే జాడ.

ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, సమయం, ఏ పల్లెకు ఎంత దూరంలో, జాడ ఉందా గుంట ఉందా, చచ్చిన తాబేలు కొట్టుకొచ్చిందా అన్నది రాయండి. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీయండి, పక్కన ఒక చెప్పు పెడితే కొలత తెలుస్తుంది. గుంట తవ్వి చూడొద్దు, గుడ్లు ముట్టుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ తాబేలు షెడ్యూల్ 1లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉంది, మంచి ఉద్దేశంతో తవ్వినా కేసు కేసే. గుడ్లకు ప్రమాదం కనిపిస్తే అటవీశాఖ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేయండి.

చచ్చిన తాబేళ్ల లెక్క ఎందుకంటే, రేపు కంపెనీవాళ్లు ‘తాబేళ్లు చచ్చేది ట్రాలర్ల వలల్లో, మా వల్ల కాదు’ అంటారు. అందులో నిజం ఉంది. మర బోట్లు ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపలికి రాకూడదన్న నియమం ఉన్నా వస్తూనే ఉంటాయి, వలల్లో పడి తాబేళ్లు చస్తూనే ఉంటాయి. పోర్టు పనులకు ముందు ఏడాదికి ఎన్ని కొట్టుకొచ్చాయి, తర్వాత ఎన్ని అన్న లెక్క మీ దగ్గరుంటే ఎవరి వాటా ఎంతో మాట్లాడొచ్చు. ఆ లెక్క లేకపోతే వాదన అక్కడే ఆగిపోతుంది.

మీది తీరం కాకుండా చిట్టడవి, గుట్టల వైపైతే యానాది తెగ పెద్దల దగ్గర కూర్చోండి. అలుగు బొరియ ఎక్కడుందో, నక్షత్ర తాబేలు ఏ వానకు బయటికొస్తుందో, దేవాంగపిల్లి ఏ తోపులో అరుస్తుందో వాళ్లకు తెలిసినంత ఏ రిపోర్టులోనూ ఉండదు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది ఐతన్న అనే స్థానిక వేటగాడి వల్లనే. శాస్త్రవేత్తలు పొదలన్నీ వెతుకుతుంటే చూపించింది ఆయన. అయితే ఒక జాగ్రత్త. అలుగు, నక్షత్ర తాబేలు దొంగ రవాణా జరిగే జీవాలు. వాటి కచ్చితమైన చోటు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. అధికారులకిచ్చే కాగితంలో కూడా పెద్ద గుర్తు చెప్పి, ‘కచ్చితమైన చోటు తనిఖీ సమయంలో చూపిస్తాం’ అని రాయండి.

రాసుకున్నది ప్రభుత్వ రికార్డులోకి ఎక్కించాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. చాలాచోట్ల ఆ రిజిస్టరు బీరువాలో ఉంటుంది, ఎవరూ తెరవరు. దాన్ని తీయించి, మీ జాబితాను పంచాయతీ తీర్మానంతో అందులో చేర్పించండి.

రెండో పని: ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టు చదవండి, ముఖ్యంగా తేదీలు

ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ చెబుతోంది. ఆ రోజు నుంచి రిపోర్టు ముసాయిదా కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో చూడొచ్చు. తెలుగులో సంక్షిప్త నివేదిక కూడా ఉంటుంది. అది పది ఇరవై పేజీలే కాబట్టి చాలామంది దానితో సరిపెట్టుకుంటారు. మీరు మాత్రం ఇంగ్లీషు చదవగలిగిన కుర్రాళ్లను ఇద్దరిని తీసుకెళ్లి పెద్ద రిపోర్టే తీయండి. అంతా చదవక్కర్లేదు. ఎకాలజీ అధ్యాయం, జంతువుల జాబితా, ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ (నష్టం తగ్గించడానికి కంపెనీ ఏం చేస్తుందో చెప్పే ప్రణాళిక), దాని బడ్జెట్ పట్టిక చూస్తే చాలు.

ముందు సర్వే ఏ నెలల్లో చేశారో చూడండి. సాధారణంగా ఒక్క సీజన్, అంటే మూడు నెలల లెక్కలే ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరిగి ‘తాబేళ్లు కనిపించలేదు’ అని రాస్తే ఎలా కనిపిస్తాయి? అవి వచ్చేది జనవరిలో. ఏప్రిల్, మే నెలల్లో తిరిగి ‘వలస పక్షులు లేవు’ అంటే అప్పటికి అవి వెళ్లిపోయి ఉంటాయి. ఈ ఒక్క ప్రశ్నే మీ చేతిలో ఉన్న అన్నిటికంటే బలమైనది.

తర్వాత జాబితా చూడండి. ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో ఉన్న జీవాలన్నీ అందులో ఉండాలి. మీ నోటుబుక్కులో ఉండి వాళ్ల జాబితాలో లేనివి ఎర్ర ఇంకుతో రాసుకోండి. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి షెడ్యూళ్లను మార్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. పాత రిపోర్టు నుంచి పట్టిక తెచ్చి అతికిస్తే షెడ్యూలు నెంబర్లు తప్పు పడతాయి. అదీ పట్టుకోండి, ఎందుకంటే షెడ్యూల్ 1 జీవం ఉందని తేలితే కంపెనీ ప్రత్యేకంగా వన్యప్రాణి సంరక్షణ ప్రణాళిక తయారుచేసి రాష్ట్ర వన్యప్రాణి విభాగం పెద్ద అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఆమోదం తీసుకోవాలని అనుమతుల్లో షరతు పెట్టడం రివాజు. లేదని తేలితే ఆ ప్రణాళిక మాటే ఉండదు.

తీరం వాళ్లు ఇంకొకటి చూడాలి. కోస్తా నియంత్రణ మండలి (సీఆర్‌జడ్) నిబంధనల ప్రకారం తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు సీఆర్‌జడ్-1ఏ అనే, ఎక్కువ రక్షణ ఉన్న తరగతి కిందికి వస్తాయి. మ్యాపులో మీ ఒడ్డు అలా గుర్తించి ఉందో లేదో చూసి, లేకపోతే మీ ఫొటోలు జతచేసి రాష్ట్ర కోస్తా మండలి యాజమాన్య సంస్థకు రాయండి.

మూడో పని: పరిహారం అడిగే ముందు ‘తప్పించండి’ అని అడగండి

నష్టం చేసి బదులు ఇవ్వడం ఆఖరి మెట్టు. దానికి ముందు మూడు మెట్లున్నాయి: తప్పించడం, తగ్గించడం, పాడైనదాన్ని బాగుచేయడం. కంపెనీలు నేరుగా ఆఖరి మెట్టు మీదకే వస్తాయి, ఎందుకంటే అది డబ్బుతో తేలిపోతుంది.

తప్పించడం కుదరదని ఎవరైనా అంటే కలివికోడి సంగతే చెప్పండి. 2005లో తెలుగుగంగ పథకం కాలువ తవ్వకం కడప జిల్లా లంకమల దగ్గర ఆ పక్షి తిరిగే పొదల్లోకి వచ్చింది. అభ్యంతరాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. చివరికి కాలువ దారి మార్చారు. ఆ పథకం నీళ్లే మన సోమశిల, కండలేరు జలాశయాలకు వస్తున్నాయి. కాలువా వచ్చింది, పొదలూ మిగిలాయి. కాబట్టి మీరు ‘ప్రాజెక్టు వద్దు’ అనకపోయినా, ‘ఈ గోడ అర కిలోమీటరు అటు జరపండి’, ‘ఈ రోడ్డు ఒడ్డు వెంట కాకుండా వెనక నుంచి వేయండి’ అని మ్యాపు మీద గీసి చూపించండి.

నాలుగో పని: ఏ జీవానికి ఏం అడగాలో విడివిడిగా రాయండి

తాబేలుతో మొదలుపెడదాం, దాని కోసం అడగాల్సింది ఎక్కువ. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు రాత్రి చీకట్లో వెలుతురు ఎక్కువున్న వైపు పాకుతాయి. మామూలుగా అది సముద్రం వైపే. పోర్టు హైమాస్ట్ దీపాలు వెలిగితే ఊరి వైపు పాకి, తెల్లారేసరికి కుక్కలకూ కాకులకూ దొరుకుతాయి. అందుకని జనవరి నుంచి మే చివరి దాకా సముద్రం వైపు కనిపించే దీపాలు కిందికి వంచి, వెనక రేకు కట్టి, తెల్ల లైట్ల బదులు కాషాయ రంగు లైట్లు వాడాలని అడగండి. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే కనిపిస్తుంది. డ్రెడ్జింగ్, అంటే ఓడల కోసం సముద్రం అడుగు తవ్వడం సంగతి కూడా అడగండి. ఒడిశాలో ధామ్రా పోర్టు కట్టినప్పుడు డ్రెడ్జర్ మూతికి తాబేళ్లను పక్కకు నెట్టే ఇనుప తొడుగులు బిగించారు, లైట్ల మీద కూడా జాగ్రత్తలు తీసుకున్నారు. అక్కడ చేసిన పని ఇక్కడ ఎందుకు చేయరని అడిగితే జవాబు చెప్పాల్సిందే.

ఇక ఇసుక. ఇది చాలామందికి తట్టదు. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. సముద్రంలోకి రాళ్ల కట్ట వేస్తే దక్షిణం వైపు ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. అంటే కృష్ణపట్నం పోర్టులోనైనా రామాయపట్నం పోర్టులోనైనా నష్టం ప్రాజెక్టు కంచె లోపలే ఆగదు, ఉత్తరం వైపు పల్లెల ఒడ్డుకు పాకుతుంది. తాబేలుకూ ఒడ్డు పోతుంది, పడవలు పెట్టుకునే మత్స్యకారులకూ ఒడ్డు పోతుంది. కాబట్టి దక్షిణాన పేరుకున్న ఇసుకను ప్రతి ఏడాదీ ఉత్తరానికి తరలించాలని, ఒడ్డు వెడల్పు ఏడాదికి రెండుసార్లు కొలిచి పంచాయతీలో అతికించాలని షరతు అడగండి. విశాఖలో తవ్విన ఇసుకను బీచ్‌కు పంపు చేయడం ఎప్పటి నుంచో ఉంది, అది కొత్త సంగతేమీ కాదు.

సరుగుడు గురించి ఒక్క మాట. తుపాను గాలికి అడ్డంగా సరుగుడు మంచిదే, కాదనడం లేదు. కానీ అలల గీత దాకా నాటితే వేళ్లు గుంట తవ్వనివ్వవు, నీడ పడి ఇసుక చల్లబడుతుంది. తాబేలు పిల్ల ఆడదో మగదో తేల్చేది ఇసుక వేడి. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తగ్గితే మగపిల్లలు. అందుకే గుడ్లు పెట్టే మెత్తటి ఇసుక మేర వదిలేసి, దాని వెనక నుంచి నాటమనండి.

గుడ్ల కాపలాకు ఊరి మత్స్యకారులనే సీజన్ జీతం మీద పెట్టాలని, తాబేలు పడితే వల కోసి వదిలేసినవాళ్లకు వల ఖరీదు ఇవ్వాలని కూడా రాయండి. వల పోతే ఆ కుటుంబానికి వారం తిండి పోయినట్టే. ఆ నష్టం వాళ్ల నెత్తిన వేసి తాబేలును కాపాడమంటే ఎవరు కాపాడతారు?

గూడబాతులకు, కొంగలకు కావాల్సింది మొక్కలు కాదు, చెరువులో నీళ్లు. నేలపట్టు పక్షుల కేంద్రంలో, నీళ్లలో పెరిగే కడప చెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతులు మేతకు పులికాట్ సరస్సుకూ చుట్టుపక్కల చెరువులకూ తిరుగుతాయి. పిల్లలు ఎగిరే దాకా ఆ చెరువుల్లో నీళ్లూ చేపలూ ఉండాలి. పక్షుల రెట్టలు పడిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని అక్కడి రైతులకు తెలుసు. కాబట్టి ప్రాజెక్టు ఒక చెరువునో, వాగునో మింగుతుంటే దానికి బదులు ఇంకో చెరువు పూడిక తీయించి, కట్ట బలపరిచి, తుమ్మ, కడప చెట్లు కొట్టకుండా ఉంచాలని అడగండి. రాజహంసలు (ఫ్లెమింగోలు) దిగే లోతు తక్కువ నీళ్లు, ఉప్పు కయ్యలు, బురద నేలలు చూసేవాళ్లకు బీడులాగా కనిపిస్తాయి. రిపోర్టులో ‘నిరుపయోగ భూమి’ అని ఉంటే అభ్యంతరం రాయండి. కొత్త కరెంటు లైన్లు చెరువుల మీదుగా పోతుంటే తీగలకు దూరం నుంచి కనిపించే పలకలు కట్టమనండి.

అలుగు, నక్షత్ర తాబేలు, కుందేళ్లు, తోడేళ్లు ఉండే ముళ్ల పొదల నేలలో జామాయిల్ నాటడం పరిహారం కాదు, రెండో దెబ్బ. అంతే విస్తీర్ణంలో ఇంకో పొదల నేలను కదపకుండా రక్షించమని అడగండి. నల్లమల వైపు రోడ్డుకో రైలుకో అడవి కోస్తుంటే జంతువులు దాటే అండర్‌పాస్‌లు ఎక్కడెక్కడ, ఎంత వెడల్పు అన్నది అడగాలి. మహారాష్ట్రలో పెంచ్ దగ్గర 44వ జాతీయ రహదారి కింద కట్టినవి చూపించవచ్చు, వాటి కింద నుంచి పులులు కూడా దాటుతున్నాయి.

అయిదో పని: డబ్బుకు ముడి వేయండి

ప్రణాళిక ఎంత బాగున్నా బడ్జెట్ పట్టికలో లేకపోతే అది కథే. ప్రతి పనికీ ఎంత, ఏ ఏడాది, ఎవరి చేతుల మీదుగా, ఎక్కడ అన్న నాలుగూ ఉండాలి. ఇంకొకటి, ప్రణాళికలు సాధారణంగా అయిదేళ్లకు రాస్తారు. ఆలివ్ రిడ్లే పిల్ల పెద్దదై తిరిగొచ్చి గుడ్లు పెట్టడానికి పదేళ్లకు పైనే పడుతుంది. ఈ ఏడాది పోయిన పిల్లల లోటు అయిదేళ్ల లెక్కలో అసలు కనిపించదు. అందుకే ‘ప్రాజెక్టు నడిచినంత కాలం’ అన్న మాట రాయించండి. అటవీ భూమి పోతుంటే కంపెనీ ఆ అడవి వెల కింద కట్టే డబ్బు (నికర ప్రస్తుత విలువ) బదులు అడవి పెంచే ప్రభుత్వ నిధి కాంపాకు వెళ్తుంది, అది వేరు. ఆ డబ్బు కట్టేశాం కాబట్టి ఇది అక్కర్లేదంటే ఒప్పుకోవద్దు.

ఆరో పని: ఆ రోజు మాట్లాడటం

మైకు ముందు టెన్షన్ సహజం, అందుకే ముందే రాసివ్వండి. రాతపూర్వక అభ్యంతరాలు కాలుష్య నియంత్రణ మండలికి ముందుగానే ఇవ్వొచ్చు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. ఇలా రాస్తే సరిపోతుంది:

‘అయ్యా, ఈఐఏ రిపోర్టు ఫలానా పేజీలో మా ఒడ్డున సముద్ర తాబేళ్లు లేవని రాశారు. సర్వే ఫలానా నెలల్లో జరిగింది. గత రెండు సీజన్లలో మేము నమోదు చేసిన జాడలు, ఫొటోలు, తేదీలు జతచేస్తున్నాం. జనవరి నుంచి ఏప్రిల్ వరకు మళ్లీ సర్వే చేయించాలని, షెడ్యూల్ 1 జీవాల సంరక్షణ ప్రణాళికను తయారుచేయించి దాని తెలుగు ప్రతి మా పంచాయతీలో పెట్టించాలని, కింద రాసిన పనులను బడ్జెట్‌తో సహా ప్లాన్‌లో చేర్చాలని కోరుతున్నాం.’

మాట్లాడేటప్పుడు మూడు నిమిషాలు చాలు. కోపం తెచ్చుకోవద్దు, రాజకీయం ఎత్తొద్దు. పేజీ నెంబరు చెప్పి, తేదీ చెప్పి, ‘కంపెనీ జవాబు మినిట్స్‌లో (సభ నమోదు పత్రంలో) రాయించండి’ అని అధ్యక్షత వహించే కలెక్టరును లేదా ఆయన తరఫున వచ్చిన అధికారిని అడగండి. సభ మొత్తం వీడియో తీయాలి, ముగిశాక మినిట్స్ స్థానిక భాషలో చదివి వినిపించాలి. జనం లేచి వెళ్లిపోతారు, మీరు వెళ్లకండి. మీ మాట చదివిన దాంట్లో లేకపోతే అక్కడికక్కడే చెప్పి చేర్పించండి. ఆడవాళ్లను, ముఖ్యంగా చేపలమ్మే అమ్మలను మాట్లాడమనండి. ఒడ్డు ఎంత కోసుకుపోయిందో వాళ్లు అడుగుల్లో చెప్పగలరు.

జిల్లా గీతల వల్ల కాగితం ఆగిపోకుండా చూడండి. 2022లో సూళ్లూరుపేట వైపు నెల్లూరు నుంచి తిరుపతికి మారింది. తాబేలు ఒడ్డు, పక్షి మేత రెండు జిల్లాల్లో పడితే ఇద్దరు కలెక్టర్లకూ, ఇద్దరు డీఎఫ్‌ఓలకూ (జిల్లా అటవీ అధికారులకు) కాపీలు పంపండి.

ఏడో పని: అనుమతి వచ్చాక అసలు పని

అనుమతి వచ్చిన ఏడు రోజుల్లో కంపెనీ పత్రికల్లో, అందులో ఒకటి తెలుగు పత్రికలో, ప్రకటన ఇవ్వాలి. అనుమతి లేఖ కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో దొరుకుతుంది. దాన్ని ప్రింటు తీసి, వన్యప్రాణుల గురించి ఉన్న షరతుల నెంబర్లు చుట్టండి. అభ్యంతరం ఉంటే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి 30 రోజుల్లో అప్పీలు వేయాలి. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా ఒప్పుకుంటారు, ఆపైన కుదరదు. వకీలును ముందే మాట్లాడి ఉంచుకోండి.

షరతులు పాటిస్తున్నట్టు కంపెనీ ఏడాదికి రెండుసార్లు, జూన్ 1కి, డిసెంబరు 1కి రిపోర్టు ఇవ్వాలి. అది అందరూ చూడగలిగే పత్రం. రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పై ఆఫీసులకు 10. జవాబుకు గడువు 30 రోజులు. ‘సంరక్షణ ప్రణాళిక అమలు వివరాలు’ అని అడిగితే రెండు లైన్ల జవాబు వస్తుంది. ‘ఫలానా షరతు కింద ఈ ఏడాది ఖర్చుచేసిన మొత్తం, పనివారీగా, బిల్లుల నకళ్లతో’ అని అడగండి. రిపోర్టులో రాసింది ఒడ్డు మీద లేకపోతే కాలుష్య నియంత్రణ మండలికీ, విజయవాడలోని కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికీ ఫొటోలతో ఫిర్యాదు పంపండి. అక్కడ కదలకపోతే మళ్లీ ట్రిబ్యునలే. షరతుల ఉల్లంఘన మీద అసలు దరఖాస్తుకు గడువు, కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు. కాబట్టి మొదటి ఉల్లంఘన చూసిన తేదీ రాసిపెట్టుకోండి.

ఉదయం నడక మాత్రం ఆపొద్దు. అదే నోటుబుక్కు, అదే చోటు, అవే నెలలు. ప్రతి జనవరి 15న ఒడ్డున ఒకే చోట, అదే తాటిచెట్టో, గుడి గోపురమో కనిపించేలా ఒక ఫొటో తీయండి. రాత్రి వెళ్లాల్సి వస్తే టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి, తాబేలు కనిపిస్తే దూరంగా ఇసుక మీద కూర్చుని అది నీళ్లలోకి దిగే దాకా కదలకండి. తర్వాత టైము రాసుకోండి.